క్లాసిక్స్ విభాగం: ఆచార్య పీఠాలు, నియామకాలు, పరిశోధన (ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం)

నిర్వచనం, పరిధి

ప్రాచీన గ్రీకు, లాటిన్ భాషలు, వాటిలో వెలువడిన సాహిత్యం, గ్రీకు రోమన్ ప్రపంచపు చరిత్ర, తత్వం, కళ, పురావస్తువులు, ఇవన్నీ కలిసిన అధ్యయనాన్ని పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో క్లాసిక్స్ అంటారు. హోమర్ కావ్యాల కాలం నుంచి రోమన్ సామ్రాజ్యం చివరి దశ వరకు ఈ అధ్యయనం విస్తరించి ఉంటుంది. క్రీట్, పైలోస్ ప్రాంతాల్లో దొరికిన మట్టి పలకల మీది లీనియర్ బి లిపిలో ఉన్నది గ్రీకు భాషేనని 1952లో తేలడంతో, ఆ భాష చరిత్ర హోమర్ కంటే కొన్ని వందల ఏళ్ళు వెనక్కి జరిగింది. ఆ లిపిని ఛేదించిన మైకేల్ వెంట్రిస్ ఏ విభాగంలోనూ ఉద్యోగి కాడు, వృత్తిరీత్యా వాస్తుశిల్పి.

క్లాసిక్స్ విభాగం మామూలు భాషాసాహిత్య విభాగం లాంటిది కాదు. కవిత్వం చెప్పే పండితుడు, శాసనాలు చదివే చరిత్రకారుడు, కుండల మీది బొమ్మలు పరిశీలించే కళాచరిత్రకారుడు, ప్లేటోను బోధించే తాత్వికుడు ఒకే గొడుగు కింద పనిచేస్తారు. ఇందరికి జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి, ఒకరు వెళ్ళిపోతే ఆ స్థానం ఎవరికి దక్కుతుంది అన్న ప్రశ్నలే ఆ విభాగంలో ఏ పరిశోధన సాగుతుందో, ఏది ఆగిపోతుందో చాలావరకు నిర్ణయిస్తాయి. ఈ శాస్త్రానికి ప్రపంచంలోని అతిపెద్ద కేంద్రాల్లో ఒకటైన ఆక్స్‌ఫర్డ్‌ను ఆధారం చేసుకుని ఈ వ్యాసం ఆ సంగతులను వివరిస్తుంది.

తొలి పీఠాలు

బిషప్ రిచర్డ్ ఫాక్స్ 1517లో కార్పస్ క్రిస్టీ కాలేజీని స్థాపించినప్పుడు గ్రీకు బోధనకు ప్రత్యేక ఉపన్యాసకుణ్ణి ఏర్పాటు చేశాడు. 1540లలో రాజు ఎనిమిదో హెన్రీ రాజపీఠాలు నెలకొల్పాడు. గ్రీకు రీజియస్ ఆచార్య పదవి వాటిలో ఒకటి. కేంబ్రిడ్జిలో అదే పేరుతో ఉన్న పీఠం 1540 నాటిది. 1622లో చరిత్రకారుడు విలియం కామ్డెన్ తన భూమి ఆదాయాన్ని రాసిచ్చి ప్రాచీన చరిత్రకు పీఠం పెట్టాడు. కామ్డెన్ ఆచార్య పదవి నేటికీ ఉంది, రోమన్ చరిత్రకు చెందుతుంది. లాటిన్‌కు శాశ్వత పీఠం 1854లో గాని రాలేదు. దాన్ని మొదట అధిష్ఠించినవాడు వర్జిల్ వ్యాఖ్యాత జాన్ కోనింగ్టన్. తులనాత్మక భాషాశాస్త్రానికి 1868లో పీఠం ఏర్పడి మాక్స్ ముల్లర్‌కు దక్కింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందు సంస్కృత పీఠానికి జరిగిన ఎన్నికలో ఆయన మోనియర్ విలియమ్స్ చేతిలో ఓడిపోయాడు. పురావస్తు శాస్త్రానికి లింకన్ పీఠం 1880లలోనూ, ప్రాచీన చరిత్రకు రెండోదైన వైకమ్ పీఠం 1910లోనూ వచ్చాయి.

దాత రాసిన పత్రమే పీఠానికి చట్టం. రోమన్ చరిత్రకు ఇచ్చిన సొమ్మును గ్రీకు నాటకాలకు మళ్ళించడం కుదరదు. మంచికో చెడుకో ఆ కట్టుబాటే విభాగాన్ని నిలబెట్టింది. విద్యార్థులు తగ్గినా పీఠం పోలేదు, కొత్త రంగం పుట్టినా దానికి పీఠం సులభంగా రాలేదు.

దాతలు జీతాన్ని కూడా నిర్ణయించేవారు, దాని విలువ కాలంతో కరిగిపోయేది. 1855లో బెంజమిన్ జోవెట్ గ్రీకు రీజియస్ ఆచార్యుడయ్యేనాటికి ఆ పదవి జీతం ఏడాదికి 40 పౌండ్లు. అది హెన్రీ రాజు కట్టిన జీతమే. జోవెట్ మతసంబంధ రచనల మీద ఆగ్రహించినవారు పెంపుదలను పదేళ్ళు అడ్డుకున్నారు. 1865లో క్రైస్ట్ చర్చ్ కాలేజీ దాన్ని 500 పౌండ్లు చేసింది. జోవెట్ ప్లేటో సంవాదాల అనువాదం సాగించి, 1871లో అచ్చు వేయించాడు.

లిటెరె హ్యుమానియోరెస్: పాఠ్యక్రమం, పరీక్ష

ఆక్స్‌ఫర్డ్‌లో క్లాసిక్స్ డిగ్రీకి సంప్రదాయ నామం లిటెరె హ్యుమానియోరెస్. 1800 నాటి పరీక్షా శాసనంతో ఆధునిక రూపం తీసుకున్న ఈ చదువు 1850 సంస్కరణతో రెండు దశలైంది. మొదటి దశ మోడరేషన్స్ ఐదు టర్ములు నడుస్తుంది, ప్రధానంగా భాషా సాహిత్యాలు. రెండోది గ్రేట్స్ ఏడు టర్ములు, అందులో చరిత్ర, తత్వం ప్రధానం. మొత్తం నాలుగేళ్ళు. టర్ముకు ఎనిమిది వారాల బోధన, ఏడాదికి మూడు టర్ములు.

బోధకుల నియామకం మీద ఈ నిర్మాణం ప్రభావం చాలా ఉంది. హోమర్ చెప్పగలిగినవారు, థుసిడిడీస్ చెప్పగలిగినవారు, అరిస్టాటిల్ చెప్పగలిగినవారు ముగ్గురూ ప్రతి కాలేజీకీ అందుబాటులో ఉండాలి. అందుకే ఇక్కడ ఖాళీ ప్రకటనలో రంగం పేరు ఎంత ముఖ్యమో, ఏయే పేపర్లు బోధించగలరన్నదీ అంత ముఖ్యం.

పరీక్షకు, పరిశోధనకు మధ్య ఉన్న ఎడం ఎ. ఇ. హౌస్‌మన్ జీవితంలో కనిపిస్తుంది. సెయింట్ జాన్స్ కాలేజీ విద్యార్థిగా లాటిన్ కవి ప్రొపర్షియస్ పాఠ పరిష్కరణలో మునిగి, చరిత్ర తత్వాలు పట్టించుకోక 1881లో గ్రేట్స్ తప్పాడు. తర్వాత పదేళ్ళు లండన్‌లో పేటెంట్ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తూ రాత్రిళ్ళు బ్రిటిష్ మ్యూజియంలో చదివి వ్యాసాలు అచ్చు వేయించాడు. ఆ వ్యాసాల బలంతోనే 1892లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో లాటిన్ ఆచార్యుడై, 1911లో కేంబ్రిడ్జి పీఠానికి వెళ్ళాడు. ఆక్స్‌ఫర్డ్ ఫెయిల్ చేసిన విద్యార్థి ఇంగ్లండులో ఆ తరానికి అగ్రశ్రేణి లాటిన్ పండితుడయ్యాడు.

కాలేజీ ఫెలో: మఠ జీవితం నుంచి ఉద్యోగానికి

19వ శతాబ్ది మధ్య వరకు ఫెలో (కాలేజీ సభ్య పండితుడు) పదవికి పరిశోధనతో సంబంధం లేదు. ఆంగ్లికన్ మతవిశ్వాస ప్రమాణం చేయాలి, ఎక్కువ కాలేజీల్లో మతగురువుగా దీక్ష తీసుకోవాలి, పెళ్ళి చేసుకుంటే పదవి వదలాలి. చాలామందికి అది గ్రామ చర్చిలో మంచి పదవి ఖాళీ అయ్యేదాకా వేచి ఉండే మజిలీ. 1871 చట్టం మతప్రమాణాలు తొలగించింది. 1877 చట్టం తర్వాత వచ్చిన కాలేజీ నిబంధనలు వివాహానికి అనుమతించాయి. బోధన జీవితాంతం చేసే వృత్తిగా మారింది ఆ తర్వాతే.

అదే కాలంలో లింకన్ కాలేజీ రెక్టర్ మార్క్ పాటిసన్ ఒక వాదం లేవదీశాడు. విశ్వవిద్యాలయం పరీక్షలకు తర్ఫీదు ఇచ్చే చోటు కాదు, పండితులు జ్ఞానం పెంచే చోటు, కాలేజీ ఆస్తులు అందుకు ఖర్చు కావాలి అన్నాడు. జోవెట్ మార్గం దీనికి ఎదురు. దేశాన్ని నడిపే యువకులను తీర్చిదిద్దడమే ఆయన లక్ష్యం. ఆ శతాబ్దంలో గెలిచింది జోవెట్ పక్షమే. ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్ పట్టాను ప్రవేశపెట్టింది 1917లో, అంటే జర్మనీ కంటే చాలా ఆలస్యంగా.

జర్మన్ పద్ధతి

పాటిసన్ కళ్ళ ముందున్నది జర్మనీ. ఎఫ్. ఎ. వుల్ఫ్ 1787లో హాలె విశ్వవిద్యాలయంలో క్లాసిక్స్ సెమినార్ స్థాపించాడు. గురువు సమక్షంలో విద్యార్థులే మూలపాఠాన్ని విమర్శించి, వ్యాఖ్యానించి, వాదించే పద్ధతి అది. ఆచార్యుడి చుట్టూ శిష్యులు, శిష్యుల చేతిలో భారీ ప్రాజెక్టులు అక్కడి తీరు. థియొడోర్ మొమ్‌సెన్ నాయకత్వంలో 1853లో బెర్లిన్ అకాడమీ చేపట్టిన లాటిన్ శాసనాల సంపుటాలు ఆ విధానానికి తొలి పెద్ద ఉదాహరణ. 1894లో మొదలైన లాటిన్ మహానిఘంటువు మ్యూనిక్‌లో ఇప్పటికీ సాగుతూనే ఉంది. అక్షరం ‘పి’ 2010లో ముగిసింది. ఆ పనికి చేరినవారెవరూ దాని చివరి పుట చూస్తామన్న నమ్మకంతో చేరరు.

శరణార్థి పండితులు

జర్మన్ పద్ధతి ఆక్స్‌ఫర్డ్‌కు నిజంగా చేరింది 1933 తర్వాత. నాజీ ప్రభుత్వం యూదు ఆచార్యులను తొలగించింది. ఫ్రైబుర్గ్‌లో ఉద్యోగం పోయిన ఎడ్వర్డ్ ఫ్రెంకెల్ 1935లో కార్పస్ లాటిన్ పీఠానికి ఎన్నికయ్యాడు. విదేశీయుడికి పీఠమా అని పత్రికల్లో గుసగుసలు పుడితే హౌస్‌మన్ లేఖ రాసి ఫ్రెంకెల్‌ను సమర్థించాడు. ఫ్రెంకెల్ తన సెమినార్‌లో ఏళ్ళ తరబడి ఈస్కిలస్ నాటకం ‘అగమెమ్నాన్’ ను పంక్తి వెంట పంక్తి చదివించాడు. అందులో కూర్చున్నవారిలో నవలా రచయిత్రి ఐరిస్ మర్డాక్ ఒకరు. మూడు సంపుటాల వ్యాఖ్యానం 1950లో వచ్చింది. గ్రీకు కవి కల్లిమకస్ సంపాదకుడు రుడాల్ఫ్ ఫైఫర్, గ్రీకు చరిత్రకారుల శకలాలు కూర్చిన ఫెలిక్స్ యాకోబి, పాఠ పరిష్కరణ సూత్రాలు రాసిన పాల్ మాస్ కూడా అప్పుడే వచ్చారు. వీరందరికీ పీఠాలు దొరకలేదు. మాస్‌కు జీవనాధారం ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం ఇచ్చిన సలహాదారు పని.

స్వదేశీ నియామకాలూ వివాదం లేకుండా జరగలేదు. 1936లో గ్రీకు రీజియస్ ఆచార్యుడు గిల్బర్ట్ మరీ పదవీ విరమణ చేసినప్పుడు ఆయన స్థానం మారిస్ బౌరాకు గాని జె. డి. డెనిస్టన్‌కు గాని దక్కుతుందని ఆక్స్‌ఫర్డ్ అనుకుంది. రీజియస్ పదవి రాజు పేరిట, ప్రధానమంత్రి సలహాతో ఇచ్చేది. మరీ సూచన మేరకు ప్రధాని బాల్డ్విన్ ఐర్లండుకు చెందిన ఇ. ఆర్. డాడ్స్‌ను నియమించాడు. ఐరిష్ జాతీయవాదిగా పేరున్న డాడ్స్‌ను సహోద్యోగులు చాలాకాలం దూరంగానే ఉంచారు. ఆయన 1951లో ప్రచురించిన ‘గ్రీకులు, హేతువుకు అతీతమైనది’ అన్న అర్థం వచ్చే గ్రంథం గ్రీకు మతం మీద తర్వాతి పరిశోధన దిశ మార్చింది.

పదవుల నిర్మాణం

నేటి బోధక వర్గాన్ని మూడు వలయాలుగా చూడవచ్చు.

నడుమ ఉన్నవి శాసనబద్ధ పీఠాలు. ప్రతి పీఠమూ ఒక కాలేజీకి అనుబంధం. గ్రీకు రీజియస్ ఆచార్యుడు క్రైస్ట్ చర్చ్‌కు, లాటిన్ ఆచార్యుడు కార్పస్ క్రిస్టీకి చెందుతారు. వీరి ప్రధాన బాధ్యత ఉపన్యాసాలు, పరిశోధక విద్యార్థుల పర్యవేక్షణ, తమ సొంత పరిశోధన. డిగ్రీ విద్యార్థులకు వారంవారం ట్యుటోరియల్ చెప్పాల్సిన పని లేదు.

రెండో వలయం అసోసియేట్ ప్రొఫెసర్లది. బోధన బరువంతా దాదాపు వీరిదే. విశ్వవిద్యాలయం కొంత, కాలేజీ కొంత జీతం ఇస్తాయి. అందువల్ల ఎంపిక సంఘంలో రెండు పక్షాలూ కూర్చుంటాయి. తమ విద్యార్థుల పేపర్లు ఎవరు చెబుతారని కాలేజీ చూస్తే, ఏ పరిశోధన చేస్తారని విభాగం చూస్తుంది. ఈ రెండు కోరికలూ ఒకే అభ్యర్థిలో కలవకపోతే ఎంపిక చిక్కుబడుతుంది. నియామకం మొదట ఐదేళ్ళకు జరిగి, సమీక్ష తర్వాత పదవీ విరమణ దాకా స్థిరపడుతుంది. ఆరు టర్ములు పనిచేసినవారికి ఒక టర్ము పరిశోధన సెలవు వస్తుంది.

ట్యుటోరియల్ గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఒక బోధకుడి ముందు ఇద్దరో ముగ్గురో విద్యార్థులు కూర్చుంటారు. రాసుకొచ్చిన వ్యాసం మీద గంటసేపు చర్చ జరుగుతుంది. భాషా పాఠానికైతే అనువాదం, వ్యాకరణం మాట మాటకూ తనిఖీ అవుతాయి. ఎంతోమంది పాఠకులకు ఈ పద్ధతి ఆదర్శంగా తోస్తుంది గాని, ఖర్చు లెక్కలో ఇది అత్యంత భారమైన బోధన. హాలు నిండా విద్యార్థులకు ఒకే ఉపన్యాసం చెప్పే విభాగానికి సరిపోయే సిబ్బందితో దీన్ని నడపలేరు.

మూడో వలయం తాత్కాలిక పదవులది. డాక్టరేట్ అయినవారికి కాలేజీలు మూడు నాలుగేళ్ళ జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్పులు ఇస్తాయి. వాటిలో బోధన తక్కువ, గ్రంథరచనకు సమయం ఎక్కువ. సెలవులో వెళ్ళిన బోధకుడి స్థానంలో ఏడాదికో రెండేళ్ళకో తీసుకునే లెక్చరర్లు, ప్రాజెక్టు నిధులతో నడిచే పరిశోధకులు, గ్రీకు లాటిన్ ఓనమాలు నేర్పే భాషా బోధకులు కూడా ఈ వలయంలోనే ఉన్నారు. స్కూలులో ఈ భాషలు చదవకుండా వచ్చేవారికి ప్రత్యేక మార్గాలు ఏర్పడ్డాక భాషా బోధకుల అవసరం పెరిగింది. వారి పదవికి గౌరవం మాత్రం పనితో సమానంగా పెరగలేదనే చెప్పాలి.

పదవీ భద్రత విషయంలో 1988 నాటి విద్యా సంస్కరణ చట్టం కీలకం. దాని తర్వాత కొత్తగా నియమితులైన బోధకులకు బ్రిటన్‌లో పాతకాలపు జీవితాంత రక్షణ లేదు. దేశంలో నిర్ణీత పదవీ విరమణ వయసు 2011లో రద్దయినా, యువతరానికి చోటు ఇవ్వాలన్న కారణంతో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలు సొంత వయోపరిమితి నిబంధనలు పెట్టుకున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో అది న్యాయ వివాదాలకు దారితీసింది.

స్త్రీలు

ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు పట్టాలు ఇవ్వడం 1920లో మొదలైంది. అంతకు ముందే సోమర్‌విల్ వంటి మహిళా కాలేజీల్లో క్లాసిక్స్ బోధన సాగుతున్నా పురుషుల కాలేజీల ఫెలోషిప్పులు, వాటితో ముడిపడిన పీఠాలు స్త్రీలకు చాలాకాలం అందలేదు. ఇటలీలో పుట్టిన అన్నా మోర్పుర్గో డేవిస్ 1971లో తులనాత్మక భాషాశాస్త్ర పీఠాన్ని అధిష్ఠించింది. ఒకనాడు మాక్స్ ముల్లర్ కూర్చున్న పీఠమది. మైసీనియన్ గ్రీకు, అనటోలియా చిత్రలిపి శాసనాల మీద పనిచేస్తూ 2004 దాకా ఆ స్థానంలో ఉంది.

పరిశోధన: పాఠ పరిష్కరణ

క్లాసిక్స్ పరిశోధనకు పునాది మూలపాఠాన్ని స్థిరపరచడం. ప్రాచీన గ్రంథాలకు రచయితల స్వహస్త ప్రతులు లేవు. ఉన్నవి శతాబ్దాల తర్వాత ఎత్తి రాసిన ప్రతులు. వాటి పాఠాంతరాలు పోల్చి, ఏ ప్రతి దేని నుంచి పుట్టిందో వంశవృక్షం గీసి, లేఖక దోషాలు సరిదిద్ది పరిష్కర్త పాఠం నిర్ణయిస్తాడు. 19వ శతాబ్ది చివర ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం మొదలుపెట్టిన క్లాసికల్ టెక్స్ట్స్ గ్రంథమాల ఈ పని ఫలితం. పుట పైభాగంలో మూలం, అడుగున పాఠాంతరాలు, ముందుమాట సంప్రదాయం ప్రకారం లాటిన్‌లో.

పపైరస్ శాస్త్రం

ఈ విభాగానికి అంతర్జాతీయ కీర్తి తెచ్చినవి ఈజిప్టు చెత్తదిబ్బలు. క్వీన్స్ కాలేజీకి చెందిన బెర్నార్డ్ గ్రెన్‌ఫెల్, ఆర్థర్ హంట్ 1896 చివర్లో కైరోకు దక్షిణాన ఉన్న ఆక్సిరింకస్ పట్టణం శివార్లలో తవ్వడం మొదలుపెట్టారు. ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ డబ్బు పెట్టింది. వానలు లేని నేలలో, ప్రాచీన జనం పారేసిన పపైరస్ (నీటిమొక్క కాడలతో చేసిన రాత పట్ట) పత్రాలు ఇసుకలో ఎండి నిలిచాయి. పన్ను రసీదులు, లీజు పత్రాలు, ఇంటి ఉత్తరాలు, జాతక చక్రాలు, మధ్య మధ్య శాఫో, సోఫోక్లీస్, మెనాండర్ రచనల తునకలు దొరికాయి. 1903 నుంచి 1907 దాకా మళ్ళీ తవ్వారు. మొత్తం తునకలు సుమారు 5 లక్షలు.

తొలి సంపుటం 1898లో వచ్చింది. గ్రెన్‌ఫెల్, హంట్ ఇద్దరూ కాలక్రమంలో పపైరస్ శాస్త్ర ఆచార్యులయ్యారు. ఆ పనిలోని శ్రమ తక్కువ కాదు. తునకను తడిపి, మడతలు విప్పి, సూక్ష్మదర్శిని కింద సిరా జాడలు గుర్తించి, చేతిరాతను బట్టి కాలం కట్టి, తెలిసిన గ్రంథమైతే చోటు పట్టుకుని, తెలియనిదైతే అర్థం కట్టాలి. ఒక్క తునక మీద నెలలు గడుస్తాయి. అందుకే 120 ఏళ్ళు దాటినా అచ్చయినవి 5 వేల పైచిలుకే. ఈ నైపుణ్యం పుస్తకం చదివితే రాదు, పక్కన కూర్చుని నేర్చుకోవాలి. సంగ్రహం ఎంత పెద్దదైనా, చదవగలిగిన మనిషికి ఉద్యోగం లేకపోతే పెట్టెల్లోనే ఉంటుంది.

2011లో మొదలైన ‘ఏన్షెంట్ లైవ్స్’ అంతర్జాల కార్యక్రమం తునకల ఛాయాచిత్రాలను సామాన్యుల ముందుంచి, అక్షరాలు గుర్తించమని కోరింది. కంటికి కనిపించని సిరాను వేర్వేరు కాంతి తరంగాలతో చదివే విధానం కూడా తోడైంది. సంగ్రహ రక్షణ మరో సమస్య. తన తునకలు కొన్ని అనుమతి లేకుండా అమెరికాలోని బైబిల్ మ్యూజియానికి చేరాయని యజమాని అయిన ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ సొసైటీ (తొలినాటి ఫండే) 2019లో ప్రకటించింది. ఆ తర్వాత ఇలాంటి సంగ్రహాల జాబితాలు, ప్రవేశ నియమాల మీద చర్చ పెరిగింది.

నిఘంటువులు, సూచికలు, చిత్రసంగ్రహాలు

1843లో లిడెల్, స్కాట్ తొలిసారి ప్రచురించిన గ్రీకు నిఘంటువు తొమ్మిదో ముద్రణ 1940లో పూర్తయి నేటికీ ప్రమాణంగా ఉంది. ఆక్స్‌ఫర్డ్ లాటిన్ నిఘంటువు పని 1930లలో ప్రారంభమై, మొదటి భాగం 1968లో, చివరిది 1982లో వెలువడ్డాయి. కేంబ్రిడ్జి గ్రీకు నిఘంటువును 1997లో చేపట్టినప్పుడు ఐదేళ్ళలో ముగుస్తుందనుకున్నారు. అది 2021లో వచ్చింది. నిఘంటు పనికి తేదీ చెప్పే సంపాదకుణ్ణి నమ్మకూడదని ఈ రంగంలో అనుభవం.

పీటర్ ఫ్రేజర్ 1972లో ప్రారంభించిన గ్రీకు వ్యక్తినామ సూచిక శాసనాలు, పపైరస్‌లు, నాణేలు, గ్రంథాల్లో నమోదైన పేర్లను ప్రాంతాలవారీగా కూర్చింది. తొలి సంపుటం 1987లో వెలువడింది. ఏ ఊరివారు ఎక్కడికి వలస పోయారు, ఏ దేవుడి పేరు ఏ ప్రాంతంలో పెట్టుకునేవారు అన్నవి దీన్ని బట్టి తెలుస్తాయి.

లింకన్ ఆచార్యుడు జాన్ బీజ్లీ (1925 నుంచి 1956 వరకు) ఏథెన్స్ కుండల మీద సంతకం లేని చిత్రకారులను గీత తీరును బట్టి వేరుచేసి పేర్లు పెట్టాడు. ఆయన కూడబెట్టిన ఛాయాచిత్రాలు, నోట్సు బీజ్లీ ఆర్కైవ్ అయ్యాయి. ప్రాచీన పత్రాల అధ్యయన కేంద్రం 1995లో ఏర్పడింది. ఇంగ్లండు ఉత్తర సరిహద్దు కోట విండొలాండాలో దొరికిన రోమన్ సైనికుల చెక్క పలకలను కొత్త ఛాయాచిత్ర పద్ధతులతో చదవడం దాని ప్రసిద్ధ కృషి. గ్రీకు రోమన్ నాటకాల ఆధునిక ప్రదర్శనలను నమోదు చేసే ఆర్కైవును ఎడిత్ హాల్, ఆలివర్ టాప్లిన్ 1996లో స్థాపించారు. విభాగానికి సొంత భవనం, స్టెలియోస్ ఇయోన్ను కేంద్రం, 2007లో తెరుచుకుంది.

మూల్యాంకనం, దాని ప్రభావం

బ్రిటిష్ ప్రభుత్వం పరిశోధన నిధులు పంచడానికి 1986 నుంచి కొన్నేళ్ళకొకసారి విభాగాలను అంచనా కడుతోంది. 2014 నుంచి దీని పేరు రిసెర్చ్ ఎక్సలెన్స్ ఫ్రేమ్‌వర్క్. 2021 విడతలో ప్రచురణలకు 60 శాతం, సమాజంపై ప్రభావానికి 25 శాతం, పరిశోధన వాతావరణానికి 15 శాతం విలువ ఇచ్చారు. పరిశోధన బాధ్యత ఉన్న ప్రతి ఒక్కరూ కనీసం ఒక రచన చూపాలి, విభాగం సగటు మనిషికి రెండున్నర.

నియామకాల మీద దీని నీడ పడింది. గడువుకు ముందు మంచి పుస్తకం ఉన్నవారికి గిరాకీ. గ్రంథ పరిష్కరణ, నిఘంటువు, పపైరస్ వంటి పదేళ్ళ పనులు తలపెట్టే యువకుడికి ఈ లెక్క అనుకూలం కాదు. తీర్పరి సంఘాలు భారీ ప్రాజెక్టులకు రెట్టింపు విలువ కట్టే వెసులుబాటు ఇచ్చినా, ఫలితం రావాల్సిన గడువు మాత్రం మారలేదు.

విద్యార్థుల రాక, ఇతర దేశాల తీరు

ప్రవేశానికి గ్రీకు తప్పనిసరి అన్న నియమాన్ని ఆక్స్‌ఫర్డ్ 1920లో వదిలింది. లాటిన్ నియమం 1960లో పోయింది. ఆ రెండు నియమాలూ స్కూళ్ళలో వేల మంది క్లాసిక్స్ ఉపాధ్యాయులకు బతుకుతెరువు చూపేవి. అవి పోయాక స్కూళ్ళలో ఈ భాషలు కుదించుకుపోయి, అధిక భాగం ఖరీదైన ప్రైవేటు స్కూళ్ళకు పరిమితమయ్యాయి. దాంతో ఇది ధనికుల చదువన్న విమర్శ వచ్చింది. గ్రీకు, లాటిన్ అసలు రానివారినీ చేర్చుకుని మొదటి నుంచి నేర్పే మార్గాలు దానికి విభాగం చెప్పిన జవాబు.

అమెరికాలో సమస్య మరో రూపంలో ఉంది. ప్రిన్స్‌టన్ 2021లో డిగ్రీ విద్యార్థులకు ఈ భాషల నిర్బంధాన్ని తొలగించింది. అదే ఏడాది వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం తన క్లాసిక్స్ విభాగాన్ని ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. చారిత్రకంగా నల్లజాతివారి కోసం ఏర్పడిన విశ్వవిద్యాలయాల్లో క్లాసిక్స్‌కు అప్పటికి ప్రత్యేక విభాగం ఉన్నది అదొక్కదానికే. దాతల పత్రాలతో బిగించిన పీఠాలు లేనిచోట విభాగం ఒక్క పరిపాలనా నిర్ణయంతో పోగలదు.

భారతదేశంతో సంబంధం

మెకాలే అధ్యక్షతన 1854లో భారత సివిల్ సర్వీసు పోటీ పరీక్ష రూపొందించిన సంఘంలో జోవెట్ సభ్యుడు. ఆ పరీక్షలో గ్రీకుకు 750, లాటిన్‌కు 750 మార్కులు ఉంటే సంస్కృతానికి 375, అరబ్బీకి 375. ఆక్స్‌ఫర్డ్ గ్రేట్స్ పట్టభద్రులకు అనువైన ఈ పరీక్ష నెగ్గినవారు మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు కూడా కలెక్టర్లుగా, జడ్జీలుగా వచ్చారు.

పరిశోధనలో సంబంధం మరింత నేరుగా ఉంది. గ్రీకు నావికుల ‘పెరిప్లస్’ గ్రంథం మసాలియా తీరంలో సన్నని వస్త్రాలు తయారవుతాయని చెబుతుంది. టాలెమీ భూగోళంలో ఉన్న మైసోలోస్ నదిని కృష్ణగా, కొంటకొస్సిల రేవును ఘంటసాలగా పండితులు గుర్తించారు. తెలుగునేలలో దొరికిన రోమన్ నాణేల నిధులను పరమేశ్వరీలాల్ గుప్త 1965 నాటి పట్టికలో నమోదు చేశాడు. ఇవన్నీ గ్రీకు, లాటిన్ ఆధారాలు చదవగల పండితుడు, స్థానిక పురావస్తు శాస్త్రవేత్త కలిస్తేనే పూర్తిగా తేలే విషయాలు.

ఆక్సిరింకస్ తునక 413 ఇంకో ఉదాహరణ. మూడో సంపుటంలో 1903లో అచ్చయిన ఈ గ్రీకు ప్రహసనంలో ఖరిషన్ అనే యువతి భారత తీరంలో బందీ. అక్కడి రాజు, పరివారం అర్థంకాని భాష మాట్లాడతారు. మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడిగా పనిచేసిన హుల్ట్జ్ 1904లో ఆ మాటల్లో కన్నడం ఉందని ప్రతిపాదించాడు. కొందరు సమర్థించారు, కొందరు అవి నవ్వు పుట్టించడానికి అల్లిన శబ్దాలేనన్నారు. వివాదం తేలలేదు.

గ్రంథ పరిష్కరణ విధానం కూడా భారతీయ పండితులకు పరిచయమైంది. పుణెలోని భండార్కర్ సంస్థ మహాభారత సంశోధిత ముద్రణకు ఇదే ప్రతుల తులనా పద్ధతి ఆధారం. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంధ్రమహాభారతానికి సంశోధిత ముద్రణ తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం తెలుగుకు ప్రాచీన భాష హోదా ఇచ్చింది 2008 అక్టోబర్ 31న. దానికోసం మైసూరులో మొదలైన అధ్యయన కేంద్రం తర్వాత నెల్లూరుకు తరలింది. ఆక్స్‌ఫర్డ్‌లో లాగా ఒకే గొడుగు కింద కాకుండా, తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సాహిత్యం తెలుగు శాఖలోనూ, చరిత్ర, పురావస్తువులు వేరే శాఖల్లోనూ ఉండగా, శాసనాల పని ఎక్కువగా ప్రభుత్వ పురావస్తు శాఖల చేతిలో ఉంది.